కోతకాల పండుగ ఎప్పుడు? తెలుగు పల్లె క్రైస్తవుల ఏడాదిపై ఒక పరిశీలన

క్రిస్మస్ ఎప్పుడో ఎవరినడిగినా చెబుతారు. ఈస్టర్ ఏ తేదీన వస్తుందో క్యాలెండర్ తిరగేస్తే తెలుస్తుంది. కోతకాల పండుగ ఎప్పుడని అడిగితే మాత్రం ఏ సంఘానికి ఆ సంఘమే జవాబు చెప్పాలి. ఒక పాస్టరేట్‌లో నవంబరు చివర జరిగితే, ఇంకొక చోట సంక్రాంతి దాటాక జరుగుతుంది. వరి కోసి నూర్చారా, కూలి గింజలు ఇంటికి చేరాయా, నాలుగైదు ఊళ్లు చూసుకునే అయ్యగారు ఏ ఆదివారం రాగలరు అన్నవన్నీ కుదిరాకే తేదీ ఖాయమవుతుంది. పల్లె సంఘాల పెద్ద పండుగల్లో పొలం పనిని బట్టి రోజు పెట్టుకునేది ఇదే.

తెలుగు పల్లెల క్రైస్తవ పండుగల మీద రెండు తేలిక అభిప్రాయాలు చాలాకాలంగా ఉన్నాయి. అవి తెల్లదొరలు తెచ్చి పెట్టినవని ఒకరంటారు. పాత ఆచారాలకే పై పూత పూశారని ఇంకొకరంటారు. దొరికే ఆధారాలను ఒక్కొక్కటిగా చూస్తే రెండూ నిలవవు. ఈ ఏడాదిని మలచినవాటిలో చర్చి క్యాలెండర్ ఉంది, వానా పంటా ఉన్నాయి. వాటితో సమానంగా ఊరి పనిలో ఈ మనుషులకు ఉన్న స్థానం కూడా ఉంది. మూడోదాన్ని పక్కన పెడితే మొదటి రెండూ సరిగా అర్థం కావని నా అభిప్రాయం.

ముందుగా ఆధారాల సంగతి. పంతొమ్మిదో శతాబ్దానికి మన దగ్గర ఎక్కువగా ఉన్నవి మిషనరీల రాతలు. స్వదేశంలో చందాలిచ్చే వారి కోసం రాసినవి కాబట్టి మార్పు గట్టిగా కనబడుతుంది, కొనసాగింపు తక్కువగా కనబడుతుంది. ఇరవయ్యో శతాబ్దం మధ్యకు వచ్చేసరికి మరింత నమ్మదగిన పుస్తకం ఒకటుంది. పి.వై. లూక్, జాన్ కార్మన్ 1959లో మెదక్ అధ్యక్ష మండలంలోని జంగరాయి ప్రాంతపు పల్లె సంఘాల్లో తిరిగి చేసిన అధ్యయనం 1968లో అచ్చయింది. అదే ప్రాంతానికి యాభై ఏళ్ల తర్వాత వెళ్లి చూసిన విషయాలతో కార్మన్, చిలుకూరి వసంతరావు రాసిన పుస్తకం 2014లో వచ్చింది. ఒకే చోటును అర్ధ శతాబ్దం ఎడంలో రెండుసార్లు చూసిన అధ్యయనాలు మన పల్లెల విషయంలో అరుదు. అయినా అవి తెలంగాణలో ఒక మూల గురించిన పుస్తకాలు. వాటిలో తేలినదాన్ని గోదావరి డెల్టాకో ప్రకాశం జిల్లాకో యథాతథంగా అంటగట్టకూడదు.

పండుగల కన్నా ముందు ఆదివారం గురించి చెప్పాలి. ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ కాలంలో మాదిగలు పెద్ద సంఖ్యలో క్రైస్తవంలోకి వచ్చారు. 1876-78 కరవు తర్వాత, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారన్నది ప్రసిద్ధమైన సంగతి. కొత్తగా చేరినవారికి పెట్టిన నియమాలుగా క్లౌ కథనంలో మూడు కనబడతాయి: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువుల మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. క్లౌ 1910లో చనిపోయాడు. ఆ పుస్తకాన్ని ఆయన మాటల్లోనే చెబుతున్నట్టుగా భార్య ఎమ్మా తీర్చి 1914లో వెలువరించింది. కాబట్టి ప్రతి సంఘటననూ అక్షరాలా నమ్మనక్కర లేదు. అయితే ఈ నియమాలు ఊళ్లో రేపిన గొడవల వివరాలు మాత్రం ఊరి వ్యవస్థ గురించి మనకు వేరే దారుల్లో తెలిసినదానికి సరిగ్గా సరిపోతాయి.

ఆ గొడవలకు మూలం పనే. ఊరి జాతరకు డప్పు కొట్టడం మాదిగలకు ఇష్టం ఉన్నా లేకున్నా చేయాల్సిన కొలువు. దానికీ, తోలు పనికీ, కబురు మోయడానికీ కలిపి కోతల వేళ కల్లంలో రైతు కొలిచే మేర ముట్టేది. అమ్మవారి కొలుపులకు డప్పు కొట్టేది లేదని చెప్పడమంటే ఊరి లెక్కలో ఒక విశ్వాసాన్ని వదలడం మాత్రమే కాదు, ఒక పనికి ఎదురు తిరగడం. ఆదివారం పొలానికి రామనడమూ అంతే. నాట్లు, కోతలు వారం చూసుకుని రావు. కోతకు వచ్చిన చేను ముందు కూలీలు సెలవంటే రైతుకు నష్టం. కొట్టడం, బావి దగ్గరికి రానివ్వకపోవడం, పని మానిపించడం లాంటి ప్రతీకారాలు క్లౌ రాతల్లో కనబడతాయి.

దీన్ని బట్టి ఒక మాట అనవచ్చు. ఈ పల్లెల్లో క్రైస్తవ ఏడాది ఎవరి పండుగకు ఎవరు పని చేయాలి, ఎవరు ఎప్పుడు ఆగవచ్చు అన్న తగవుతో మొదలైంది. ఇతరుల పండుగలకు వాయిస్తూ వచ్చినవారు తమకంటూ ఒక పండుగ పెట్టుకోవడం ఎంత పెద్ద సంగతో ఇక్కడ అర్థమవుతుంది. ఇది అందరికీ వర్తించదన్నది కూడా వెంటనే చెప్పాలి. ఫిరంగిపురం లాంటి చోట్ల పద్దెనిమిదో శతాబ్దం నుంచీ భూమి ఉన్న కులాల కతోలికులున్నారు. వారి తిరునాళ్ల చరిత్ర వేరు.

ఇప్పుడు కోతకాల పండుగకు వద్దాం. ఇంగ్లండు చర్చిలో కూడా ఇది అంత పాతది కాదు. 1662 నాటి ప్రార్థనా గ్రంథపు క్యాలెండరులో దీనికి రోజు లేదు. 1843లో కార్న్‌వాల్‌లోని మోర్వెన్‌స్టో గ్రామంలో రాబర్ట్ స్టీఫెన్ హాకర్ అనే పాదిరి జరిపిన ఆరాధన నుంచి ఇప్పటి రూపం వ్యాపించిందని సాధారణంగా చెబుతారు. అక్కడ ఇది సెప్టెంబరు, అక్టోబరుల్లో, గోధుమ కోతలయ్యాక వస్తుంది. ఆ నెలల్లో మన వానాకాలపు వరి ఇంకా పచ్చిగా, పొట్ట మీదనో పాలు పోసుకుంటూనో ఉంటుంది. బైబిల్లోని కోత పండుగలూ మన పొలానికి కుదరవు. పస్కా సమయంలో పాలస్తీనాలో యవల కోత. ఏడు వారాల తర్వాత వారముల పండుగ నాటికి గోధుమ కోత. క్రైస్తవుల పెంతెకొస్తు ఆ పండుగ నుంచే వచ్చింది. మన దగ్గర పెంతెకొస్తు మే 10కీ జూన్ 13కీ మధ్య ఎప్పుడో పడుతుంది. అప్పటికి చేను దుక్కి కోసం ఎదురుచూస్తుంటుంది. మృగశిర కార్తె వచ్చేది జూన్ మొదటి వారం దాటాకే. గ్రంథంలో ఉన్న కోత పండుగ మన ఊళ్లో విత్తే ముందు పండుగైంది. ఇంగ్లండు నుంచి వచ్చిన తేదీ కోతకు ముందే వచ్చి పోతుంది. అందుకే ఇక్కడి సంఘాలు రెండింటినీ వదిలి తమ వరి కోతను పట్టుకున్నాయి. తెలంగాణలో వానాకాలం వరి అక్టోబరు చివరి నుంచి డిసెంబరు దాకా చేతికి వస్తుంది. డెల్టాలో సార్వా కోతలు, కుప్ప నూర్పిళ్లు సంక్రాంతి దాకా సాగేవి. జొన్న, కంది, మిరప వేసే నేలల్లో లెక్క ఇంకా వెనక్కి జరుగుతుంది. సంఘానికి సంఘానికీ తేదీలో వచ్చే తేడాకు ఇదే ముఖ్య కారణమని అనుకోవచ్చు. అయితే అయ్యగారి వీలు, ఆగమన కాలం, క్రిస్మస్ ఖర్చులు కూడా తేదీని ముందుకో వెనక్కో నెట్టేవే. ఏ కారణం ఎంత బలమైనదో ఊరివారీగా చూస్తే తప్ప చెప్పలేం.

పండుగ జరిగే తీరు చాలా చోట్ల ఒకే విధంగా ఉంటుంది. గుడి గుమ్మానికి అరటి బోదెలు, మామిడి తోరణాలు కడతారు. వడ్ల మూట, బియ్యం, కందులు, గుమ్మడికాయ, సొరకాయ, అరటి గెల, ఎండు మిరప, గంపలో కోడిపుంజు, పదో పరకో గుడ్లు, ఉన్నవారైతే మేక తెస్తారు. ప్రథమ ఫలమని విడిగా తీసి పెట్టిన దోసెడు గింజలు కూడా బల్ల ముందుకు వస్తాయి. ఆరాధన ముగిశాక ఆవరణలో వేలం పాట. గుమ్మడికాయ ఖరీదు అంగట్లో కన్నా రెండు మూడింతలు పలుకుతుంది. కొన్నవాడు మళ్లీ సంఘానికే ఇచ్చేస్తే రెండోసారి పాడతారు. పట్నంలో ఉద్యోగం చేసుకుంటూ ఆ రోజుకు ఊరొచ్చిన కొడుకు, అల్లుడు ఎంతకు పాడారన్నది కొన్నాళ్లు చెప్పుకుంటారు.

ఇందులో నాకు ఎంతో విలువైనదిగా కనిపించేది గింజ ఎక్కడి నుంచి వచ్చిందన్నది. ఇంగ్లండు పల్లెలో ఈ పండుగను పొలం ఉన్న రైతు పంటతో కలిపి చూస్తారు. ఇక్కడ మొదటి తరాల విశ్వాసుల్లో ఎక్కువమందికి పొలం లేదు. వాళ్లు తెచ్చిన వడ్లు కూలిగా, మేరగా, పరిగ ఏరుకుని సంపాదించినవి. ఇంకొకరి కల్లంలో చేయి చాచి తీసుకున్న గింజను మరుసటి ఆదివారం తల మీద పెట్టుకుని తామే ఇచ్చేవారుగా గుడికి తెచ్చారు. రోజూ వంట బియ్యంలోంచి ఆడవాళ్లు పిడికెడు తీసి కుండలో వేసి వారానికోసారి ఇచ్చే అలవాటు కూడా ఇలాంటిదే. దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య పేద సంఘాలు సైతం తమ గురువులను తామే పోషించుకోవాలని పట్టుబట్టి ఇలాంటి పద్ధతులను ప్రోత్సహించారు. దీన్ని కేవలం చందా వసూలుగా చదివేవారున్నారు. వారి మాటలో నిజముంది, ఆ రాబడి లేకపోతే ఉపదేశికి జీతం లేదు. అయినా తీసుకునే చేయి ఇచ్చే చేయిగా మారిన రోజును లెక్కల పుస్తకంలోని ఒక పద్దుగా మాత్రమే చూస్తే ఆ మనుషులను మనం చాలా తక్కువ చేసినట్టే.

అజరయ్య ప్రస్తావన వచ్చింది కాబట్టి జాతరల సంగతి. తిరునెల్వేలి ప్రాంతం నుంచి వచ్చిన ఆయన 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ చర్చిలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. ఆయన కట్టించిన దోర్నకల్ ఎపిఫనీ దేవాలయాన్ని 1939 జనవరి 6న, ఆ పండుగ రోజునే ప్రతిష్ఠించారు. గుమ్మటాలు, స్తంభాల తీరులో ఇక్కడి కోవెల, మసీదు పోలికలు బాగా కనబడతాయి. ఆయన మీద సూసన్ బిల్లింగ్టన్ హార్పర్ రాసిన జీవిత చరిత్ర 2000లో వచ్చింది. ఊరి జాతరలకు బదులుగా క్రైస్తవ జాతరలను అజరయ్య ఎలా ప్రోత్సహించారో అందులో ఉంది. పాటలు, ఊరేగింపు, భోజనం అన్నీ ఉండే ఆ కూడికల్లో అమ్మవారి కొలుపుల్లోని బలి, కల్లు ఉండకూడదు. వదిలేయమని చెప్పిన సందడి స్థానంలో వేరే సందడి పెట్టకపోతే జనం నిలవరని ఆయన గ్రహించినట్టున్నారు. జనం నిజంగా పాత జాతరకు వెళ్లడం మానేశారా? 1959 నాటి అధ్యయనం అలా చెప్పదు. జంగరాయి ప్రాంతంలో చాలామంది సంఘ సభ్యులు క్రిస్మస్‌కు గుడికి వచ్చేవారు, ఊరి పండుగల్లోనూ ఏదో మేరకు పాలుపంచుకునేవారు. లూక్, కార్మన్ దీన్ని తప్పు పట్టకుండా, దాచకుండా రాశారు. ఆ పుస్తకం విలువ అక్కడుంది.

తేదీలను చూసి తొందరపడి కారణాలు అల్లకూడదనడానికి గుణదల మంచి ఉదాహరణ. విజయవాడ శివారులోని మేరీమాత కొండకు ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో చుట్టుపక్కల జిల్లాల పల్లెల నుంచి లక్షల మంది వస్తారు. తలనీలాలిస్తారు, కొబ్బరికాయలు కొడతారు, వచ్చేవారిలో క్రైస్తవేతరులు చాలామంది. కోతలై చేతిలో డబ్బు ఆడే నెల కాబట్టి అప్పుడు పెట్టారనుకోవడం సహజం. కానీ ఫిబ్రవరి 11 తేదీ ఫ్రాన్సులోని లూర్దులో 1858లో మరియమాత దర్శనమైందని నమ్మే రోజు. తేదీ అక్కడిది. కోతల తర్వాతి తీరిక బహుశా జనం పెరగడానికి తోడ్పడింది. తేదీకి కారణం, జనానికి కారణం వేర్వేరుగా చూడాలి.

ఈస్టర్ దగ్గర ఇంకో ఆసక్తికరమైన కలయిక ఉంది. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే తొలి పున్నమి దాటిన ఆదివారం ఈస్టర్. మన ఉగాది చైత్ర శుద్ధ పాడ్యమి. కాబట్టి చాలా ఏళ్లలో ఈస్టర్‌కు ముందు వచ్చే పున్నమి, చైత్ర పున్నమి ఒకటే అవుతాయి. 2022లో ఆ పున్నమి ఏప్రిల్ 16, ఈస్టర్ ఏప్రిల్ 17. 2023లో పున్నమి ఏప్రిల్ 6, ఈస్టర్ 9. 2025లో 12, 20. అధిక మాసం వచ్చాక మాత్రం కొన్నిసార్లు లెక్క తప్పుతుంది. 2023లో అధిక శ్రావణం రావడంతో 2024 ఉగాది ఏప్రిల్ 9కి జరిగింది. ఈస్టర్ హోలీ పున్నమిని పట్టుకుని మార్చి 31నే వచ్చేసింది. రెండు సంప్రదాయాలూ చంద్రుణ్ణి చూసి లెక్క కట్టడం వల్ల వచ్చిన పోలిక ఇది. ఒకదాన్నుంచి ఒకటి తీసుకున్నదని చెప్పడానికి ఆధారం లేదు.

పల్లె దృష్టిలో దీని ఫలితం ఒకటుంది. శ్రమదినాలు (లెంట్) ఎక్కువగా యాసంగి పని తగ్గుముఖం పట్టే వేళకు, ఎండలు ముదిరే వేళకు వస్తాయి. నలభై రోజులు సాయంత్రాలు ఇంటింటా జరిగే ప్రార్థన కూడికలకు జనం దొరుకుతారు. మట్టలాదివారం నాడు తాటి, ఈత మట్టలు కోసుకొస్తారు. శుభ శుక్రవారం పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగిస్తారు. సంఘంలోని చదువుకున్న కుర్రాళ్లకు, ఆడవాళ్లకు తొలిసారి మాట్లాడే అవకాశం తరచూ అక్కడే దొరుకుతుంది. ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల దగ్గరికి వెళ్లి సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించడం ప్రొటెస్టంటు సంఘాలు చాలావాటిలో ఉంది. కతోలికులు ఆ పని నవంబరు 2న చేస్తారు. ఈ శాఖల తేడాలు చిన్నవి కావు. లెంట్‌ను గట్టిగా పాటించేది సి.ఎస్.ఐ., లూథరన్, కతోలిక సంఘాలు. బాప్టిస్టుల్లో దానికి అంత పట్టు లేదు. సువార్తికుడు భక్త్‌సింగ్ మొదలుపెట్టిన సహవాసాలు క్రిస్మస్ పండుగనే చేయవు. ‘తెలుగు క్రైస్తవుల పండుగలు’ అని ఒక్క జాబితా రాయడం అందుకే కుదరదు.

క్రిస్మస్ గురించి అందరికీ తెలిసినదే ఎక్కువ కాబట్టి క్లుప్తంగా చెబుతాను. వెదురు బద్దలతో కట్టిన నక్షత్రం, రాత్రంతా ఇంటింటికీ తిరిగే పాటల గుంపులు, గోడలకు సున్నం, ఏడాదికొక్క కొత్త బట్టల జత, వాకిట్లో నక్షత్రం ముగ్గు, అరిసెలు, కజ్జికాయలు, జంతికలు. పిండివంటలు సంక్రాంతివే కదా అని కొందరు పరిశీలకులు దీన్ని పాత పండుగకు మారు రూపంగా చదివారు. కొత్త బియ్యం, కొత్త బెల్లం చేతికొచ్చే కాలంలో ఏ ఇంట్లోనైనా అరిసెలే వండుతారు. క్రిస్మస్‌కూ సంక్రాంతికీ మధ్య మూడు వారాలే. వంటలు కాలాన్ని బట్టి వచ్చాయనడం మతాన్ని బట్టి వచ్చాయనడం కన్నా సులువైన వివరణ. సులువైనది చాలినప్పుడు బరువైనది ఎత్తుకోనక్కర లేదు. మెదక్‌లో మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ కరవు రోజుల్లో కూలీలకు పని కల్పిస్తూ కట్టించిన పెద్ద చర్చిని 1924లో క్రిస్మస్ రోజునే ప్రతిష్ఠించారు. నేటికీ ఆ రోజున అన్ని మతాల వారూ అక్కడికి వస్తారు. గ్రామ సంఘాలు తమ ఊరి పండుగను మెదక్ వెళ్లి రావడంతో కలిపి చూడటం అలా మొదలై ఉండవచ్చు.

యాభై ఏళ్ల తేడాలో ఏం మారింది? కార్మన్, వసంతరావుల పుస్తకం ఉపశీర్షికలోనే క్షీణత, పునరుజ్జీవం రెండూ ఉన్నాయి. 1959లో చూసిన పాత సంఘాలు కొన్ని బాగా చిక్కిపోయాయి. వాటి పక్కనే స్వతంత్ర సంఘాలు లేచాయి. స్వస్థత ప్రార్థనల కోసం రకరకాల కులాల వారు వాటికి వస్తున్నారు. ఇవి చర్చి క్యాలెండరుకు కట్టుబడవు. వీటి ఏడాదిలో పెద్ద ఘట్టాలు ఉజ్జీవ సభలు, ఉపవాస ప్రార్థనలు, డిసెంబరు 31 రాత్రి ఆరాధన, కొత్త ఏటికి అందుకునే వాగ్దాన వాక్యం. గుంటూరు ప్రాంతంలో హోసన్నా మందిరం జరిపే గుడారాల పండుగకు బైబిల్లోని శరత్కాలపు కోత పండుగ పేరుంది. ఇటీవలి ఏళ్లలో అది మార్చిలో జరుగుతోంది. పేరు గ్రంథం నుంచి, తేదీ జనం తీరికను బట్టి వచ్చినట్టుంది. ఇంకా పెద్ద మార్పు పొలంలో వచ్చింది. వరికోత యంత్రం వచ్చాక కూలి డబ్బుగా మారింది, కల్లం కనుమరుగైంది, మేర పోయింది. గింజ రూపంలో జీతం లేనివారు గింజ తెచ్చే పండుగలో కవరులో నోట్లు వేస్తున్నారు.

జనాభా లెక్కలతో ఈ మార్పును కొలవబోతే చిక్కొస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1971లో 4.19 శాతం, 2011లో 1.34 శాతం. ఈ అంకెల ప్రకారం గుళ్లు ఖాళీ కావాలి. పల్లెల్లో మాత్రం కొత్త గుళ్లు లేస్తున్నాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా ఉండదు, రాష్ట్రంలో వారిని బీసీ-సిలో చేర్చారు. అందుకే చాలామంది కాగితం మీద మతం మార్చి రాయడం లేదన్నది తరచుగా వినిపించే వివరణ. అది చాలావరకు నిజమే కావచ్చు. ఎంత భాగం రాయకపోవడం, ఎంత భాగం నిజంగా తొలగిపోవడం అన్నది అంకెలు విడదీసి చెప్పవు. ఎవరు క్రైస్తవులన్న ప్రశ్నకు పండుగలో పాల్గొనడం కాగితం కన్నా మెరుగైన సాక్ష్యమే. దానికీ హద్దుంది. క్రిస్మస్‌కు వచ్చినవారందరూ సంఘ సభ్యులు కారు, గుణదల కొండెక్కినవారందరూ క్రైస్తవులు కారు.

ఇంతవరకు పరిశోధకులు పెద్దగా ముట్టుకోని ఆధారం ఒకటుంది. పండుగ రాబడిని సంఘం లెక్కల పుస్తకంలో రాసి పెట్టడం పాత పాస్టరేట్లలో మామూలు. ఏ ఏడు ఏ ఆదివారం పండుగ చేశారు, ఎన్ని మూటల వడ్లు, ఎన్ని కోళ్లు, వేలంలో ఎంత, కవరు కానుక ఎంత అన్నవి వాటిలో వరసగా దొరికే వీలుంది. వాటిని ఆ మండలం వర్షపాతం లెక్కలతో, పంట విస్తీర్ణం లెక్కలతో పక్కపక్కన పెట్టి చూస్తే పండుగ తేదీని వరి నిర్ణయించిందా అయ్యగారి వీలు నిర్ణయించిందా, గింజ పోయి నోటు ఎప్పుడు వచ్చింది అన్న ప్రశ్నలకు ఊరివారీగా జవాబు రాబట్టవచ్చు. ఆ పుస్తకాలు చాలా చోట్ల గుడి వెనక గదిలో, చెక్కపెట్టెల్లో, చెదలకూ వాన చెమ్మకూ అందుబాటులో ఉన్నాయి. వాటిని రాసిన ఉపదేశుల తరం ఉండగానే, వారిని పక్కన కూర్చోబెట్టుకుని చదివించి ఫొటోలు తీసుకోవాల్సిన అవసరం ఉంది.